చిన్నప్పటి ఇల్లు, బడి, వీధి శాటిలైట్ మ్యాప్‌లో వెతుక్కోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పుడు తిరిగిన చోట్లను మ్యాప్‌లో పైనుంచి వెతుక్కునే వాళ్లకు వచ్చే సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. ఇల్లు దొరకదు, దొరికినా గుర్తుపట్టలేం, గుర్తుపట్టాక మనసు బరువెక్కుతుంది. ఎన్నో ఏళ్లుగా ఈ పని ఇష్టంగా చేస్తున్నాను కాబట్టి, మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మ్యాప్ తెరిచి వెతికేయడమే కదా, ముందుగా చేయాల్సింది ఏమైనా ఉందా?

ఒక్క పని ఉంది, అది మాత్రం తప్పకుండా చేయండి. కాగితం తీసుకుని మీ ఇల్లు, వీధి, బడికి వెళ్లే దారి గుర్తున్నంతవరకు గీయండి. గుమ్మం ఎటువైపు ఉండేది, చెట్టు ఎక్కడుండేది, కుక్కకు భయపడి ఏ సందు తప్పించుకుని వెళ్లేవారో అన్నీ రాయండి. కొలతలు తప్పినా ఫరవాలేదు. గీసిన తేదీ కూడా కింద వేయండి.

ఎందుకంటే, చిత్రం ఒకసారి చూశాక అది మన జ్ఞాపకంలో కలిసిపోతుంది. తర్వాత తెలిసిన సంగతి పాత జ్ఞాపకాన్ని మార్చేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1970ల నుంచి చేసిన ప్రయోగాల్లో పదేపదే చూపించారు. నేను మొదటిసారి ఈ పని చేయకుండానే మ్యాప్ తెరిచాను. మా పెరట్లో చెట్టు గోడకు ఏ మూల ఉండేదో ఈరోజు నాకు తెలుసు. అది నిజంగా గుర్తుండి తెలుసో, చిత్రంలో చూసి తెలుసో మాత్రం చెప్పలేను. ఆ లోటు మళ్లీ తీరేది కాదు.

ఏ మ్యాప్ వాడాలి? అన్నింట్లోనూ ఒకే ఫొటోలు ఉంటాయా?

ఉండవు. గూగుల్, బింగ్, యాపిల్, మ్యాప్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఈఎస్‌ఆర్‌ఐ ఎవరి చిత్రాలు వాళ్లు వేరువేరు చోట్ల నుంచి, వేరువేరు తేదీల్లో తీసినవి తెచ్చుకుంటాయి. ఒకదాంట్లో మీ ఇంటి మీద మబ్బు ఉంటే ఇంకోదాంట్లో గచ్చు మీది నీడ కూడా కనిపించవచ్చు. ఇస్రో వాళ్ల భువన్ 2009 నుంచి ఉంది, అదీ చూడండి. ఒక్క మ్యాప్‌లో దొరకలేదని ఆశ వదులుకోకండి, కనీసం మూడైనా తిప్పి చూడండి.

పాత చిత్రాల కోసమైతే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోవడం మంచిది. 2015 నుంచి అది ఉచితం.

ఫోన్ సరిపోతుందా?

చోటు వెతకడానికి సరిపోతుంది. తీరిగ్గా కూర్చుని రెండు తేదీల చిత్రాలు పోల్చుకోవాలంటే పెద్ద తెర ఉండాలి.

ఇవి నిజంగా ఉపగ్రహం తీసినవేనా?

కొన్ని ఉపగ్రహాలు తీసినవి, కొన్ని విమానాల నుంచి తీసినవి. మ్యాప్‌లో 'శాటిలైట్' అని ఉన్నా, చాలా నగరాల మీద బాగా దగ్గరికి వెళ్తే కనిపించేవి విమానం తీసిన ఫొటోలే. మామూలు జనానికి అందిన ఉపగ్రహ చిత్రాల్లో ఒక మీటరు స్పష్టత మొదట తెచ్చింది 1999 సెప్టెంబరులో ఎగిరిన ఐకోనోస్. 2014లో వెళ్లిన వరల్డ్‌వ్యూ-3 దాన్ని 31 సెంటీమీటర్లకు తీసుకొచ్చింది. అంటే తెర మీద ఒక చుక్క, నేల మీద ఒక జానెడున్నరంత చోటు. కారు కనిపిస్తుంది, మనిషి చిన్న మరకలా కనిపిస్తాడు, ముఖం కనిపించదు.

## చోటు వెతికేటప్పుడు

ఊరి పేరు కొడితే ఇంకెక్కడికో తీసుకెళ్తోంది. ఏం చేయాలి?

ముందు అదే పేరుతో ఇంకెన్ని ఊళ్లున్నాయో చూడండి. తర్వాత పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాసి వెతకండి. ఒక అక్షరం ఎక్కువైనా, తక్కువైనా మ్యాప్‌కి అది వేరే ఊరే. వీధుల పేర్లు మారిపోయి ఉండొచ్చు కూడా. మామూలు జనమే కలిసి రాసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పాత పేరు నమోదు చేయడానికి విడిగా చోటు ఉంది, అక్కడి స్థానికులు ఎవరైనా రాసి ఉంటే పాత పేరుతోనూ దొరుకుతుంది.

అప్పటికీ దొరక్కపోతే పేరు పక్కనపెట్టి, మారనివాటిని పట్టుకోండి. నది వంపు, రైలు పట్టాలు, కొండ, చెరువు గట్టు. ఇళ్లు, దుకాణాలు, రోడ్లు మారతాయి. రైలు పట్టాల వంపు మారడం చాలా అరుదు.

ఊరి పేరే గుర్తులేదు. చాలా చిన్నప్పుడు వచ్చేశాం. అయినా దొరుకుతుందా?

దొరికిన వాళ్లున్నారు. సరూ బ్రియర్లీ సంగతి చాలామందికి తెలుసు. 1986లో ఐదేళ్ల వయసులో రైలెక్కి, దిగలేక, కలకత్తాలో తేలాడు. అక్కడి నుంచి ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసుకుని హోబర్ట్ తీసుకెళ్లారు. పెద్దయ్యాక అతని దగ్గర ఉన్నవి తప్పుగా గుర్తున్న రెండు పేర్లు, ఒక రైల్వే స్టేషన్, దాని పక్కన నీళ్ల ట్యాంకు, పట్టాల మీద వంతెన. ఎన్ని గంటలు రైల్లో ఉన్నాడో అంచనా వేసుకుని, దాన్ని రైలు వేగంతో లెక్కగట్టి, కలకత్తా చుట్టూ ఒక వలయం గీసుకున్నాడు. గూగుల్ ఎర్త్‌లో పట్టాల వెంబడే వెతుక్కుంటూ పోయి, 2011లో మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్ స్టేషన్‌ను గుర్తుపట్టాడు. అక్కడి నుంచి పట్టాలు పట్టుకుని తన ఊరు ఖండ్వా చేరాడు. 2012లో తల్లిని కలుసుకున్నాడు.

మీరు ఇందులో తీసుకోవాల్సింది ఆ పద్ధతి. గుర్తున్న ప్రతి ప్రయాణాన్నీ దూరంగా మార్చుకోండి. "పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగేవాళ్లం" అన్న మాట కూడా ఒక వలయమే. ఆ వలయంలో నీళ్లుండి, పట్టాలుండి, కొండ ఉన్న చోట్లు ఎన్నో ఉండవు. ఓపిక మాత్రం నెలల తరబడి కావాలి.

పైనుంచి చూస్తే అంతా ఒకేలా ఉంది. నాకేమీ గుర్తురావడం లేదు. లోపం నాదేనా?

కాదు, అందరికీ ఇలాగే ఉంటుంది. మనం చిన్నప్పుడు ఆ చోటును ఒక్కసారి కూడా పైనుంచి చూడలేదు. మూడు నాలుగు అడుగుల ఎత్తు నుంచి, నడుస్తూ నేర్చుకున్నాం. పిల్లలు దారిని మలుపుల వరసగా గుర్తుపెట్టుకుంటారు. అరుగు దాటాక ఎడమకు, పంపు దగ్గర కుడికి అన్నట్టు. మొత్తం ఊరు ఒక పటంలా తలలో ఏర్పడేది ఆ తర్వాతే, కొందరికి అసలు ఏర్పడదు. అందుకే కప్పులు చూపిస్తే జ్ఞాపకం పలకదు.

కాబట్టి చిత్రాన్ని చూడకండి, అందులో నడవండి. బాగా దగ్గరికి జూమ్ చేసి, ఖాయంగా తెలిసిన ఒక్క చోటు నుంచి మొదలుపెట్టండి. బడి గేటు అనుకుందాం. వేలితో చిన్నగా దారి వెంట జరుపుతూ, ప్రతి మలుపు దగ్గర ఆగి "ఇక్కడ ఎటు తిరిగేవాడిని?" అని మిమ్మల్ని మీరే అడగండి. చోటును గుర్తుపట్టడానికీ, జీవితంలో జరిగినవి గుర్తుంచుకోవడానికీ మెదడులో హిప్పోక్యాంపస్ అనే ఒకే భాగం పనిచేస్తుంది. ఫలానా చోటుకు రాగానే మేల్కొనే కణాలను శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ అందులోనే 1971లో కనిపెట్టి, 2014లో నోబెల్ పంచుకున్నారు. నడకను మొదలుపెడితే సంఘటనలు వెనకాలే రావడం నేను చాలాసార్లు చూశాను. మూడో మలుపు దగ్గర ఎవరి పేరో గుర్తొస్తుంది, ఇరవై ఏళ్లుగా తలుచుకోని పేరు.

మూడేళ్లప్పుడు ఉన్న ఇల్లు గుర్తుపట్టగలనా?

మీ సొంత జ్ఞాపకంతో కష్టం. చాలామందికి మూడు, మూడున్నరేళ్లకు ముందువి నిలవవు. అమ్మానాన్నలు, అక్కాఅన్నలు చెప్పిన గుర్తులతో వెతకండి.

కొండలు గుంటల్లా, గుంటలు కొండల్లా కనిపిస్తున్నాయి. చిత్రం తప్పా?

చిత్రం సరిగ్గానే ఉంది, కన్ను మోసపోతోంది. వెలుగు పైనుంచి పడుతుందని మన కన్ను ముందే అనుకుంటుంది. ఉత్తరార్ధగోళంలో తీసిన చిత్రాల్లో ఎండ ఎక్కువగా దక్షిణం నుంచి, అంటే తెర కిందివైపు నుంచి వస్తుంది, నీడ పైకి పడుతుంది. దాంతో కొన్నిసార్లు ఎత్తుపల్లాలు తారుమారుగా అనిపిస్తాయి. మ్యాప్‌ను తలకిందులుగా తిప్పండి, వెంటనే సర్దుకుంటుంది.

గుండ్రంగా కనిపించేది బావా, ట్యాంకా, గుడిసె కప్పా? ఎలా తెలుస్తుంది?

నీడ చూడండి. నీళ్ల ట్యాంకు అయితే గుండ్రటి నీడ ట్యాంకుకు కాస్త ఎడంగా పడుతుంది, మధ్యలో కాళ్ల నీడలు సన్నటి గీతల్లా ఉంటాయి. కప్పు అయితే నీడ అంచుకు అంటుకుని ఉంటుంది. బావి అయితే బయటికి నీడే ఉండదు, లోపలే ఒకవైపు నెలవంకలా నల్లగా ఉంటుంది.

ఎత్తు తెలుసుకోవడానికీ నీడ పనికొస్తుంది. అదే చిత్రంలో, చదునైన నేల మీద, ఎత్తు తెలిసిన ఇంకో కట్టడం నీడ కొలవండి. దాని నీడకు రెండింతలు ఉంటే ఎత్తూ రెండింతలే. పొద్దున, లేదా చలికాలంలో తీసిన చిత్రాలు ఇందుకు బాగుంటాయి, నీడలు పొడుగ్గా పడతాయి.

నేల మీద నిలబడి చూసినట్టు చూడొచ్చా?

వీధి ఫొటోలు ఉన్నచోట చూడొచ్చు. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2007లో మొదలైంది, చాలాచోట్ల పాత తేదీల ఫొటోలు కూడా ఉంటాయి. జనం తీసి పెట్టిన ఫొటోల కోసం మ్యాపిల్లరీ ఉంది. రెండూ లేని చోట్లే ఎక్కువ.

అలాంటి చోట నేను చేసేది ఒకటుంది, దీన్ని చాలామంది ప్రయత్నించరు. గూగుల్ ఎర్త్‌లో ఇంటి ముందు చోటుకు బాగా దిగి, చూపును వాలుస్తూ వాలుస్తూ నేలకు సమానంగా తెచ్చి, దూరంగా ఉన్న కొండవైపు తిప్పండి. ఇళ్లూ చెట్లూ నేలకు అతుక్కుపోయిన రంగు మరకల్లా ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. ఆకాశాన్ని తాకే కొండ అంచు మాత్రం నిజం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజులు తిరిగి, రాడార్‌తో భూమ్మీద నేలలో దాదాపు 80 శాతం ఎత్తుపల్లాలు కొలిచింది. ఇలాంటి కొలతలతోనే ఆ కొండ రూపం కడతారు. ఇల్లు కూల్చేశారు, వీధి వెడల్పు చేశారు, కానీ మెట్ల మీద కూర్చున్నప్పుడు ఎదురుగా కనిపించిన కొండ గీత అలాగే ఉంటుంది. నేను మొదటిసారి అలా దిగి చూసినప్పుడు ఎడమవైపు చిన్న మూపురం, దాని పక్కన నొక్కు, తర్వాత పొడుగాటి వాలు కనిపించాయి. ఇల్లు ఎక్కడుండేదో ఆ గీతే చెప్పింది. నేను నిలబడ్డ చోటు తప్పని, ఇంకాస్త తూర్పుకు జరగాలని తెలిసింది. జరిగాను. నొక్కు సరిగ్గా నడిమికి వచ్చింది.

## దొరికాక

బడి మైదానం ఇంత చిన్నదా? చాలా పెద్దదని గుర్తు. నేను తప్పు చోటు చూస్తున్నానా?

చోటు సరైనదే అయ్యుండొచ్చు. దూరాలను మనం మన అడుగులతో, మన అలుపుతో కొలుచుకున్నాం. ఆరేళ్ల పిల్లల అడుగు చిన్నది, పైగా వీపున పుస్తకాల సంచి. మ్యాప్‌లో కొలబద్ద పరికరంతో కొలవండి. ఇంటి నుంచి బడికి నాకు గుర్తున్నది అంతులేని దారి. కొలిస్తే 340 మీటర్లు వచ్చింది. ఆ అంకె చూసి మొదట బాధేసింది. తర్వాత ఆ 340 మీటర్లలో నాకు గుర్తున్నవి ఒక్కొక్కటే రాసుకుంటే రెండు పేజీలు నిండాయి.

చిత్రం కింద ఉన్న సంవత్సరం, ఫొటో తీసిన సంవత్సరం ఒకటేనా?

అంచున చిన్న అక్షరాల్లో కనిపించే కాపీరైట్ సంవత్సరం ఫొటో తీసిన తేదీ కాదు. గూగుల్ ఎర్త్‌లో 'ఇమేజరీ డేట్' అని విడిగా చూపిస్తుంది, అది నమ్మండి. పక్కపక్కన ఉన్న ముక్కలు వేరువేరు తేదీలవి కావచ్చు. రంగు హఠాత్తుగా మారినచోట, రోడ్డు కాస్త విరిగినట్టున్నచోట అతుకు ఉందని గుర్తు. కాబట్టి కర్సర్ సరిగ్గా మీ ఇంటి మీద పెట్టి తేదీ చదవండి.

మా ఇల్లు ఉన్నచోట వేరే కట్టడం ఉంది. ఇంకేం మిగిలి ఉంటుంది?

హద్దులు మిగులుతాయి. ఇల్లు కూల్చినా స్థలం ఆకారం, ప్రహరీ గీత, సందు వంపు చాలాకాలం అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి పక్కవాళ్ల హద్దులు కూడా. చెట్లు చూడండి, కట్టేవాళ్లు అంచున ఉన్న చెట్టును ఒక్కోసారి వదిలేస్తారు. నీటి జాడ కూడా ఉంటుంది. పూడ్చిన కాలువ మీద వేసిన రోడ్డు, మిగతా రోడ్లకు పొసగకుండా, వంకరగా పోతుంది.

ఎండాకాలంలో తీసిన చిత్రాలు వేరుగా తెరిచి చూడండి. ఆకు లేనప్పుడు నేల కనిపిస్తుంది, జనం నడిచి నడిచి పడిన కాలిదారులు తెల్లటి సన్న గీతల్లా తేలతాయి.

చూస్తుంటే ఏడుపొస్తోంది. ఇది మామూలేనా? మానేయాలా?

మామూలే. ఇంటి మీద బెంగ మనిషిని ఎంత కుదిపేస్తుందంటే, 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి దాన్ని ఒక జబ్బుగా రాసి, నాస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఎవరూ దాన్ని జబ్బనుకోరు.

ఒకేసారి గంటల తరబడి చూడకండి, ముఖ్యంగా రాత్రిపూట ఒంటరిగా. ఒక రోజు ఒక వీధి చాలు. ఆ ఇంట్లో మీకు చెడు జరిగి ఉంటే, అది చూడాల్సిన అవసరమే లేదు. బడి, స్నేహితుల ఇల్లు, ఆడుకున్న చోటు మాత్రం చూసి, ఆ కప్పు మీదికి వెళ్లకుండా ఆగిపోవచ్చు. చూశాక నిద్రపట్టకపోవడం, టెన్షన్ తగ్గకపోవడం రోజుల తరబడి ఉంటే, నమ్మకమైన మనిషితోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.

## పాత చిత్రాల కోసం

నా చిన్నప్పటి ఏడాది చిత్రం దొరుకుతుందా?

మీరు పుట్టిన కాలాన్ని బట్టి ఉంటుంది. 2000 తర్వాతి బాల్యం అయితే గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాల పట్టీలో దొరికే అవకాశం బాగా ఉంది. ఈ సదుపాయం 2009లో వచ్చింది, 2024 నుంచి బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ ఉంది. 2014 నుంచి ఈఎస్‌ఆర్‌ఐ వాళ్ల వేబ్యాక్‌లో కూడా పాత కూర్పులు ఉన్నాయి, కాకపోతే అక్కడ కనిపించే తేదీ చిత్రాన్ని మ్యాప్‌లో పెట్టిన తేదీ.

1980లు, 90ల కోసం ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల వరస ఉంది. మొదటిది 1972లో ఎగిరింది, 1982 నుంచి ఒక చుక్క అంటే 30 మీటర్లు. మొత్తం నిల్వను 2008లో ఉచితం చేశారు. ఇల్లు కనిపించదు, కానీ చెరువు ఎంత ఉండేది, తోట ఎక్కడిదాకా ఉండేది, ఊరు ఏ ఏడు ఎటు పెరిగిందో తెలుస్తుంది. గూగుల్ ఎర్త్‌లోని టైమ్‌ల్యాప్స్ 1984 నుంచి ఏడాదికొక చిత్రం చొప్పున కదిలించి చూపిస్తుంది.

1960ల బాల్యం అయితే ఆశ్చర్యంగా ఇంకా మంచి అవకాశం ఉంది. అమెరికా 1960 నుంచి 1972 వరకు కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో ఫిల్ము మీద ఫొటోలు తీసింది. ఆ ఫిల్ము డబ్బాలను కిందికి వదిలితే, పారాచూట్‌తో దిగుతుండగా గాల్లోనే విమానం పట్టుకునేది. 8 లక్షల 60 వేలకు పైగా చిత్రాలను 1995లో బహిరంగం చేశారు. వాటిలో మేలైనవి రెండు మీటర్ల దాకా స్పష్టంగా ఉంటాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ నడిపే ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో మీ చోటు గుర్తించి వెతకొచ్చు. స్కాన్ అయి ఉన్నవి ఉచితంగా దించుకోవచ్చు, కానివాటికి డబ్బు కట్టి స్కాన్ చేయించుకోవాలి. నలుపు తెలుపుల్లో, కాస్త వంకరగా, దిక్కు సూచన లేకుండా వస్తుంది. నది వంపునో, పట్టాలనో పట్టుకుని తిప్పుకోవాలి.

పాత చిత్రంలో మా ఇల్లు పక్క వీధిలోకి జరిగినట్టుంది. ఎందుకు?

పాత చిత్రాలను నేలకు అతికించడంలో కొన్ని మీటర్ల నుంచి పదుల మీటర్ల వరకు తేడా రావచ్చు. ఉపగ్రహం ఏటవాలుగా చూసినప్పుడు ఎత్తైన కట్టడాలు ఒక పక్కకు ఒరిగినట్టు కూడా పడతాయి. మారని రెండు గుర్తులు, వంతెన, కూడలి లాంటివి చూసుకుని, అవి ఎంత జరిగాయో ఇల్లూ అంతే జరిగిందనుకోండి.

మా ఊరు ఆనకట్ట కింద మునిగిపోయింది. చూసే దారి ఉందా?

ఉంది. ఆనకట్ట కట్టక ముందు తీసిన కరోనా చిత్రం దొరికితే ఊరి రూపం మొత్తం అందులో ఉంటుంది. ముందు ఆనకట్టలో నీళ్లు నింపిన సంవత్సరం కనుక్కోండి, దానికి ముందు తేదీలే వెతకండి. 1972 తర్వాత మునిగినవాటికి ల్యాండ్‌శాట్‌లో మెరకలు, పొలాలు, రోడ్డు గీత తెలుస్తాయి.

రెండో దారి కరువు సంవత్సరాలు. నీరు బాగా తగ్గిన ఏడాది, వేసవి చివర తీసిన చిత్రాలు ఒక్కొక్కటే తెరవండి. ఒండ్రు మట్టి మీద పాత రోడ్డు గీత, గోడల పునాదులు, గట్లు బయటపడతాయి. అలా మునిగిన ఊరి వాళ్ల పక్కన కూర్చుని ఒకసారి చూశాను. గోధుమ రంగు బురదలో చతురస్రాలు, వాటి మధ్య ఒక లేత గీత. ఆ పెద్దాయన ఏ చతురస్రం ఎవరి ఇల్లో వరసగా చెప్పుకుంటూ పోయారు, ఒక్కచోటా ఆగలేదు. మునిగిన ఊరి వాళ్లు ఎవరైనా ఇంట్లో ఉంటే ఈ పని వాయిదా వేయకండి.

## ఇంట్లో పెద్దవాళ్లతో

అమ్మకు ఫోన్‌లో చూపిస్తే "ఏమో, నాకేం అర్థం కావట్లేదు" అంటోంది. ఎలా చూపించాలి?

ఫోన్ పక్కన పెట్టి, పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించండి. తెర మీద వేలు తగిలితే చిత్రం జరిగిపోతుంది, వాళ్లకు అదే కంగారు. ఉత్తరం పైకి ఉండాలన్న నియమం వదిలేయండి. వాళ్ల గుమ్మం ఎటు చూసేదో ఆ దిక్కు పైకి వచ్చేలా కాగితం తిప్పి, ఇంట్లోంచి బయటికి అడుగేస్తున్నట్టు ముందు పెట్టండి.

"ఇది మన ఇల్లు, గుర్తుపట్టావా?" అని అడగకండి, అది పరీక్షలా ఉంటుంది. వాళ్లు రోజూ చేసిన పని అడగండి. మా అమ్మకు కప్పులు చూపిస్తే తల అడ్డంగా ఊపింది. కాగితం తిప్పి, బావి మీద వేలు పెట్టి, "ఇక్కడ నీళ్లు తోడుకుని ఎటు వచ్చేదానివమ్మా?" అన్నాను. తన వేలు నా వేలు పక్కన పెట్టింది. మెల్లగా కుడికి జరిపి, ఒకచోట ఆగి, "ఇక్కడ మెట్టు ఉంటుంది, చూసుకోవాలి" అంది. ఆ మెట్టు ఏ చిత్రంలోనూ లేదు. ఆ వేలు అక్కడ ఆగినంతసేపూ నేను మాట్లాడలేదు.

వాళ్లు చెప్పేది, మ్యాప్‌లో ఉన్నది సరిపోవట్లేదు. సరిదిద్దాలా?

అప్పటికప్పుడు వద్దు. రెండూ రాసుకోండి. చిత్రం తీసిన రోజుకు, వాళ్లు చెబుతున్న రోజుకు మధ్య ముప్పై ఏళ్లు ఉండొచ్చు, ఇద్దరూ సరైనవాళ్లే కావచ్చు. మధ్యలో అడ్డుపడితే చెప్పడం ఆపేస్తారు.

చెప్పినవి ఎలా భద్రపరచాలి?

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ పెట్టండి, ముందు వాళ్లను అడిగి. కాగితం మీద వాళ్లు వేలు పెట్టిన ప్రతి చోటా ఒక అంకె వేసి, ఆ అంకెను పైకి చదవండి. "మూడు దగ్గర ఏముండేది?" అంటే రికార్డింగ్‌లో అంకె ఉండిపోతుంది, తర్వాత కాగితంతో కలుపుకోవడం తేలిక.

## దాచుకోవడం, పంచుకోవడం

ఈ చిత్రాలు ఎప్పుడూ ఉంటాయి కదా, దాచుకోవడం ఎందుకు?

ఉంటాయన్న భరోసా లేదు. కొత్త చిత్రం వచ్చినప్పుడు పాతది ముందు నుంచి తప్పుకుంటుంది. కొన్ని పాత తేదీలు పట్టీలోంచే మాయమవుతాయి, నాకు ఒకసారి అలా జరిగింది. బావి స్పష్టంగా కనిపించే ఒక తేదీ, రెండేళ్ల తర్వాత వెతికితే లేదు. నేను దాచుకోలేదు.

స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, కింద ఉన్న సంస్థల పేర్లు కూడా అందులో పడేలా చూడండి. చోటు గుర్తు అంకెల్లో రాసుకోండి. మ్యాప్ మీద రైట్ క్లిక్ చేసినా, ఫోన్‌లో నొక్కి పట్టినా అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. దశాంశ బిందువు తర్వాత ఐదంకెలు ఉంటే దాదాపు ఒక మీటరు ఖచ్చితత్వం. పేర్లు మారినా, యాప్ మూతపడినా ఆ అంకెలు పనిచేస్తాయి. గూగుల్ ఎర్త్‌లో పెట్టుకున్న గుర్తులన్నీ కేఎంఎల్ ఫైలుగా దించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా ఇవ్వండి.

మా పాత ఇల్లు పిన్ చేసి అందరికీ పంపొచ్చా?

ఇంట్లో వాళ్లకు పంపండి. అందరూ చూసే చోట మాత్రం పెట్టకండి. మీకు అది జ్ఞాపకం, ఇప్పుడు అక్కడ ఇంకొకరు కాపురం ఉంటున్నారు. వీధి ఫొటోలో తమ ఇల్లు మసకబరచమని అడిగే హక్కు వాళ్లకు గూగుల్ ఇచ్చింది, ఒకసారి మసకబరిస్తే మళ్లీ మామూలుగా మార్చరు. ఇల్లు మసకగా కనిపిస్తే ఎవరో కోరుకున్నారని అర్థం చేసుకుని వదిలేయండి. పంచుకోవాలనిపిస్తే చెరువు, మైదానం, బడి లాంటి అందరి చోట్లు పంచుకోండి.

మ్యాప్‌లో తప్పు పేరుంది. నేను సరిచేయొచ్చా?

చేయొచ్చు, చేయండి కూడా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో 2004 నుంచి మామూలు జనమే రాస్తున్నారు, ఖాతా తెరిస్తే చాలు. అక్కడ రాయాల్సింది ఇప్పుడు నేల మీద ఉన్నది. లేనిదాన్ని జ్ఞాపకంతో గీయకండి, ఇప్పుడున్న చోటుకు పాత పేరు మాత్రం చేర్చండి.

## వెళ్లి చూడాలనిపిస్తే

మ్యాప్‌లో ఇంత చూశాక, నేరుగా వెళ్లడం అవసరమా?

వీలైతే వెళ్లండి. వాసన, గాలి, నేల వాలు పైనుంచి తెలియవు. వెళ్లేముందు చివరి చిత్రం తేదీ చూసుకోండి, అది మూడేళ్ల కిందటిదైతే అక్కడ ఏం ఉందో మీకు తెలియదనే అనుకుని బయలుదేరండి. ప్రింట్ తీసిన కాగితం వెంట ఉంచుకోండి, అక్కడి వాళ్లతో మాట కలపడానికి అంతకంటే తేలిక దారి లేదు.

ఆ ఇంటి తలుపు కొట్టొచ్చా?

పగటిపూట, ఒక్కసారి, మర్యాదగా. "చిన్నప్పుడు మేం ఇక్కడ ఉండేవాళ్లమండి, బయట నుంచి చూసుకుని వెళ్తాం" అని చెప్పండి. లోపలికి రమ్మంటే వెళ్లండి, అనకపోతే అడగకండి. ఫొటో తీసే ముందు వాళ్లను అడగండి. మీ దగ్గరున్న పాత చిత్రం ప్రతి ఒకటి వాళ్లకు ఇవ్వండి, తాము ఉంటున్న చోట ముందు ఏముండేదో వాళ్లకూ తెలుస్తుంది.